‘ఆర్గ్యుమెంట్స్’ రద్దు కాలేదు

బెంగళూరు మారతహళ్లి పీజీలలో ఉంటూ, వెబ్ పేజీలను నడిపే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యే తెలుగువారి వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం విరివిగా తిరుగుతోంది. ఫంక్షన్‌కు అందిన విలువలను చూపే ‘ఆర్గ్యుమెంట్స్’ రద్దయిందని, అది ఎలాగూ ఒక అరే (విలువల వరుస జాబితా) మాత్రమేనని, మిగిలిన విలువలను ఒక అరేగా పోగుచేసే మూడు చుక్కల రెస్ట్ పారామీటర్ దాని కొత్త రూపమే కనుక పాత కోడ్‌లో ఎక్కడ కనిపించినా మార్చేయవచ్చని, బాణం గుర్తుతో (=>) రాసే యారో ఫంక్షన్లలోనూ రెండూ ఒకే తీరుగా నడుస్తాయని దాని సారాంశం. కొత్తగా రాసే కోడ్‌కు రెస్ట్ మేలన్న మాటతో నాకు పేచీ లేదు. తక్కినది నిలవదు.

ఆర్గ్యుమెంట్స్ నేటికీ భాషా ప్రమాణంలో ఉంది. వాడవద్దంటున్నది ఫంక్షన్ పేరు తరువాత చుక్క పెట్టి అందుకునే, అదే పేరు గల పాత ప్రాపర్టీని. ఆ ప్రమాణపు 2009 నాటి ఐదవ ఎడిషన్ స్ట్రిక్ట్ మోడ్‌లో, అంటే కఠిన నిబంధనలతో కోడ్ నడిచే తీరులో, నిషేధించినది ఆర్గ్యుమెంట్స్‌లో ఉండి, నడుస్తున్న ఫంక్షన్‌నే సూచించే ‘కాలీ’ని. ఈ రెండింటిపై పడిన వేటును సందేశకర్త మొత్తానికి అంటగట్టారు.

అది అరే కూడా కాదు. లెంగ్త్, వరుస సంఖ్యలు ఉన్నా, అరేలోని ప్రతి విలువను మార్చి కొత్త అరే ఇచ్చే మ్యాప్‌ను పిలిస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. ‘అరే డాట్ ఫ్రమ్’ ద్వారా మార్చుకున్నాకే ఆ సదుపాయాలు దక్కుతాయి.

అసలు ప్రమాదం మూడవ మాటలో ఉంది. ‘ధర’ అనే ఒకే పారామీటర్ (పంపిన విలువను అందుకునే పేరు) గల ఫంక్షన్‌కు 100 పంపి, లోపల ధరను 90గా మార్చామనుకోండి. స్ట్రిక్ట్ కాని పాత కోడ్‌లో ఆర్గ్యుమెంట్స్ సున్నా స్థానంలోనూ 90 కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. స్ట్రిక్ట్ మోడ్‌లో, అంటే మాడ్యూళ్లలోనూ క్లాసులలోనూ ఎప్పుడూ, అక్కడ 100 అలాగే ఉంటుంది. పారామీటర్‌కు ఒక డిఫాల్ట్ విలువ చేర్చినా చాలు, పాత కోడ్‌లోనూ ఆ ముడి తెగిపోతుంది. రెస్ట్‌కు ఇటువంటి ముడి ఏనాడూ లేదు. కాబట్టి ఈ ముడిపై తెలిసో తెలియకో ఆధారపడిన పాత ఫైలులో ఆర్గ్యుమెంట్స్ బదులు రెస్ట్ పెట్టినవారికి ఎర్రర్ ఏదీ కనబడదు, లెక్క మాత్రం తప్పుతుంది. ఇంతకంటే మొండి బగ్ వెతకడం కష్టం. పైగా ఆర్గ్యుమెంట్స్‌లో అందిన విలువలన్నీ ఉంటాయి, రెస్ట్‌లో పేరున్న పారామీటర్లు తీసుకోగా మిగిలినవే ఉంటాయి. ముందు ఒక పారామీటర్ ఉంటే, ఆర్గ్యుమెంట్స్‌లో ఒకటవ స్థానంలో ఉన్నది రెస్ట్‌లో సున్నా స్థానానికి జరుగుతుంది.

యారో ఫంక్షన్‌కు రెస్ట్ రాసుకోవచ్చు గాని, సొంత ఆర్గ్యుమెంట్స్ ఉండదు. తనను చుట్టి ఉన్న మామూలు ఫంక్షన్‌దే దానికి కనిపిస్తుంది. చుట్టూ ఏ ఫంక్షనూ లేకపోతే బ్రౌజర్ రిఫరెన్స్ ఎర్రర్ ఇస్తుంది. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో, ఇతర ఫైళ్లను రిక్వైర్‌తో తెచ్చుకునే పద్ధతిలో రాసిన ఫైలులో అయితే ఎర్రర్ రాదు సరికదా, మనం ఏమీ పంపకపోయినా ఐదు విలువలు కనిపిస్తాయి. నోడ్ అటువంటి ప్రతి ఫైలునూ ఒక ఫంక్షన్‌లో చుట్టి, ఎక్స్‌పోర్ట్స్, రిక్వైర్, మాడ్యూల్, ఫైలు పేరు, డైరెక్టరీ పేరు దానికి అందిస్తుంది. యారో ఫంక్షన్ చూపినవి అవే.