‘స్టేషన్‌లో ఒప్పేసుకోండి, కోర్టులో చెల్లదు’ అంటున్న మెసేజ్‌కి జవాబు

‘మర్డర్ కేసులో ఇరుక్కుంటే లాయర్లు మీకు చెప్పని 8 నిజాలు’ అనే మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. ఓ లాయరు హత్య కేసులో చిక్కుకునే సినిమానో సిరీసో వచ్చిన ప్రతిసారీ ఇది నిద్ర లేస్తుంది. చదువుకున్నవాళ్ళు కూడా ‘ఉపయోగపడుతుంది, దాచుకోండి’ అని పంపుతున్నారు. దయచేసి దాచుకోవద్దు. ఎనిమిదిలో నిఖార్సుగా నిలిచేది ఒక్కటే. రెండో పాయింటైతే నమ్మిన మనిషిని నేరుగా జైలుకి తీసుకెళ్తుంది.

ముందు చిన్నవి తేల్చేద్దాం. ఉరిశిక్ష రాసిన జడ్జి పెన్ను పాళీ విరిచేస్తారని ఎనిమిదో పాయింటు. విరిస్తే విరుస్తారు, అది ఆనవాయితీ, చట్టం కాదు. ముద్దాయి ఇంట్లోవాళ్ళకు కావలసిన సంగతి వేరే ఉంది: సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు చేయడానికి వీల్లేదు. ముద్దాయి అప్పీలు చేసుకోకపోయినా ఫైలు హైకోర్టుకి వెళ్ళాల్సిందే. పాళీ గురించి అంత రాసినవారికి ఈ ఒక్క ముక్క రాయాలని తోచలేదు.

ఏడో పాయింటు: యావజ్జీవం అంటే 14 ఏళ్ళు, జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు కాబట్టి ఏడేళ్ళకే బయటికి. పగలూ రాత్రీ విడివిడిగా లెక్కపెట్టడం లేనే లేదు. యావజ్జీవం అంటే ప్రాణం ఉన్నంతకాలం అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గోడ్సే కేసులో చెప్పింది. 14 ఏళ్ళ నియమం 1978లో చట్టంలోకి వచ్చింది. హత్యలాంటి నేరానికి యావజ్జీవం పడినవాళ్ళను 14 ఏళ్ళు నికరంగా జైల్లో గడపకముందు శిక్ష తగ్గించి వదలకూడదని దాని అర్థం. అంటే అది కింది హద్దు. దాన్ని పై హద్దుగా చదివేశారు. 14 నిండాక ప్రభుత్వం పరిశీలించవచ్చు, కాదనవచ్చు.

శవం దొరక్కపోతే కేసు నిలవదన్నది మొదటి పాయింటు. నిలుస్తుంది. శవం దొరికి తీరాలన్న నియమం లేదని 1981లో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మనిషి చనిపోయాడనీ, చంపబడ్డాడనీ వేరే సాక్ష్యంతో గట్టిగా రుజువు చేయాలి, అంతే. కడిగిన గచ్చు పగుళ్ళలో మిగిలిన రక్తాన్ని తల్లిదండ్రుల డీఎన్‌ఏతో పోల్చవచ్చు. చివరిసారి ఎవరితో కనిపించాడో, ఫోన్ ఏ టవర్ కింద ఆగిపోయిందో చూపవచ్చు. శవాన్ని మాయం చేయడం మళ్ళీ విడిగా ఇంకో నేరం.

మూడోది, ‘90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే కేసు కొట్టేస్తారు’. కొట్టేయరు. బెయిలు వస్తుంది, అదీ అడిగితేనే. లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, మేజిస్ట్రేటు మొదటిసారి రిమాండ్ చేసిన రోజు నుంచి. ఆ రోజునూ కలపాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. జనవరి 1న రిమాండ్ అయితే, లీపు సంవత్సరం కాకపోతే, మార్చి 31కి 90 పూర్తవుతాయి. ఏప్రిల్ 1న కోర్టు తెరవగానే అర్జీ పడాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మధ్యాహ్నం వేద్దామని ఆగితే, ఈలోగా పోలీసులు చార్జిషీటు దాఖలు చేస్తే ఆ హక్కు అక్కడితో పోయినట్టే. అర్జీ ముందు పడితే, కోర్టు తర్వాత విన్నా హక్కు నిలుస్తుంది. అందుకే అర్జీ మీద తేదీతోపాటు సమయం కూడా వేయించుకోవాలి. జామీనుదార్లను ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. బయటికొచ్చినా కేసు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

సాక్షి అడ్డం తిరిగితే కేసు పోయినట్టేనట, అది ఆరోది. నిజమే, మన కోర్టుల్లో చాలా కేసులు అలాగే పోతాయి, కాదనను. కానీ తప్పనిసరిగా పోవు. అడ్డం తిరిగిన సాక్షిని పీపీ (ప్రభుత్వం తరఫున వాదించే లాయరు) గారే కోర్టు అనుమతితో క్రాస్ ఎగ్జామిన్ చేస్తారు. అతను చెప్పినదాంట్లో నమ్మదగిన ముక్కను జడ్జి తీసుకోవచ్చు. ‘చంపడం నేను చూడలేదు, అరుపు విని వెళ్తే ఇతను పరిగెత్తడం చూశాను’ అంటే రెండో సగం అలాగే మిగులుతుంది.

ఇక రెండో పాయింటు. దీని కోసమే ఇంత రాస్తున్నాను. మాట మార్చకుండా పెడుతున్నాను: ‘పోలీసుల ముందు ఇచ్చిన స్టేట్‌మెంట్ కోర్టులో చెల్లదు. కాబట్టి దెబ్బలు తినకుండా అడిగింది ఒప్పేసుకుని సంతకం పెట్టేయండి, తర్వాత కోర్టులో మార్చుకోవచ్చు.’

మొదటి వాక్యం పట్టుకుని రెండోది రాసినవారికి మనిషి ప్రాణమంటే లెక్క ఉన్నట్టు లేదు. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారాన్ని ముద్దాయి మీద రుజువు చేయకూడదు, నిజం. పాత ఎవిడెన్స్ యాక్టులో 25, 26 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 23. అదే సెక్షన్ చివర ‘అయితే’ అని ఒక మినహాయింపు ఉంది. అదే పాత 27. కస్టడీలో ఉన్న ముద్దాయి చెప్పిన మాట వల్ల ఒక వస్తువో సంగతో బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క వరకు కోర్టులో చెల్లుతుంది. హత్య కేసుల్లో ప్రాసిక్యూషన్ తరచు ఆనుకునేది దీని మీదే.

దీని హద్దు తేల్చింది మన గుంటూరు జిల్లా కేసే, పులుకూరి కోటయ్య కేసు. 1947 లా రిపోర్టుల్లో ఉన్న ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టు) తీర్పు. ఆ కేసులో ఒక ముద్దాయి చెరువు మూల దగ్గర కాపు కాయడం, కొట్టి చంపడం, ఎవరి ప్రోద్బలమో, అంతా పోలీసులకు చెప్పాడు. దాంతోపాటు, బల్లేన్నీ తన కర్రనీ ఫలానా వాళ్ళ గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను అన్నాడు. ప్రివీ కౌన్సిల్ కాపు కాసిన సంగతీ చంపిన సంగతీ కొట్టేసి, గడ్డివాములో దాచాను, చూపిస్తాను అన్న ముక్కను మాత్రం ఉంచింది. ఇప్పటికీ దేశంలో ప్రతి సెషన్స్ కోర్టులో ఆ గీతే గీస్తారు.

ఇప్పుడు ‘అడిగింది ఒప్పేసుకున్న’ మనిషి సంగతి చూడండి. స్టేషన్‌లో మధ్యవర్తుల్ని, అంటే స్వాధీనానికి సాక్షులుగా ఉండేవాళ్ళని, కూర్చోబెడతారు; సాధారణంగా వీఆర్వోనో మరో ప్రభుత్వ ఉద్యోగో. మధ్యవర్తుల నివేదిక రాస్తారు, ముద్దాయి సంతకం తీసుకుంటారు. అందరూ జీపెక్కి వెళ్తారు. పొదలోంచి కత్తి వస్తుంది. గుడ్డలో చుట్టి సీలు వేసి ల్యాబుకి పంపుతారు. ఆ కత్తి మీద రక్తం మృతుడిదని తేలితే, మీరు ‘ఊరికే ఒప్పుకున్న’ మాటలో ‘అక్కడ పెట్టాను, చూపిస్తాను’ అన్న ముక్క మీ మెడకు చుట్టుకుంటుంది. దాన్ని కోర్టులో ‘మార్చుకోవడం’ అంటూ ఉండదు. ఆ స్వాధీనమే అబద్ధమని చూపించుకోవాలి: చోటు నలుగురూ తిరిగేదనీ, కత్తి ఎక్కడుందో పోలీసులకు ముందే తెలుసనీ, సీలు సరిగా లేదనీ, మధ్యవర్తి నివేదిక స్టేషన్‌లో కూర్చునే సంతకం చేశాడనీ. స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం అంటోంది. వీడియో లేకపోతే ఎందుకు లేదని దర్యాప్తు అధికారిని అడగాలి. ఇదంతా ఏళ్ళ తరబడి వాయిదాల పని.

ఇంకో సంగతి ఆ మెసేజ్‌లో అసలే లేదు. చెల్లనిది ముఖ్యంగా పోలీసులకు చెప్పిందీ, పోలీసు కస్టడీలో ఉండగా చెప్పిందీ. స్టేషన్‌కి వెళ్ళకముందు సర్పంచికో వీఆర్వోకో బావమరిదికో చెప్పుకున్నది సాక్ష్యంలోకి వస్తుంది. ముద్దాయి వీఆర్వో దగ్గరికి వచ్చి తప్పు ఒప్పుకున్నాడు, ఆయన రిపోర్టు రాసి స్టేషన్‌లో అప్పగించాడు అనే కథనం మన జిల్లాల కేసుల్లో కొత్తేమీ కాదు. ఫ్రెండ్‌కి పంపిన వాయిస్ మెసేజ్ కూడా అంతే. మేజిస్ట్రేటు ముందు ఇచ్చేదైతే పూర్తిగా వేరు. చెప్పాల్సిన పని లేదనీ, చెబితే మీకే ఎదురు తిరుగుతుందనీ ఆయన ముందే హెచ్చరించాలి. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. ఇష్టం లేదంటే అక్కడితో ఆపాలి, అలా అన్నందుకు తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు. అయినా ఒప్పుకుంటే ఆ కాగితం నిలబడుతుంది.

మరి దెబ్బల మాటేమిటి అంటారు. దెబ్బలు పడతాయన్న భయం ఉత్తుత్తిది కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. దానికి మందు సంతకం కాదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. విచారణలో పోలీసు రాసుకునే స్టేట్‌మెంట్ మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. విచారణ జరుగుతుండగా మీ లాయర్ని కలిసే హక్కు ఉంది, అడగండి. మనిషిని ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు తీసుకెళ్ళారో ఇంట్లోవాళ్ళు అప్పటికప్పుడు రాసిపెట్టుకోవాలి. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కదా, అక్కడ నోరు విప్పి ‘కొట్టారు, ఇదిగో ఇక్కడ’ అని చూపించాలి. రిమాండ్ కాగితం మీద అది రాయించాలి, డాక్టర్ పరీక్ష అడగాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించింది. ఆ ఫుటేజీ భద్రపరచమని వెంటనే అర్జీ వేయాలి. నెలలు గడిచాక అడిగితే చెరిగిపోయిందంటారు.

ఐదో పాయింటు దగ్గర మాత్రం ఆ మెసేజ్‌కి తల వంచాలి. చనిపోయిన మనిషి దాడికి ముందు మామూలుగా అన్న మాట కూడా సాక్ష్యమవుతుందని రాశారు. వింటే సినిమా డైలాగులా ఉంది, కానీ నిజం. దాని మూలం కూడా తెలుగువాళ్ళ కేసే. 1937 మార్చి 23న పూరీ స్టేషన్‌లో మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని స్టీలు ట్రంకు ఒకటి దొరికింది. అందులో ఏడు ముక్కలుగా నరికిన శవం. మృతుడు పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు, అప్పు ఇచ్చినవాడు. ముద్దాయి పాకాల నారాయణస్వామి. ‘ఆయన భార్య బాకీ తీసుకోవడానికి రమ్మని ఉత్తరం రాసింది, బరంపురం వెళ్తున్నాను’ అని మృతుడు ఇంట్లో తన భార్యతో చెప్పి బయల్దేరాడు. అప్పటికి అతని మీద ఈగ వాలలేదు. ఇంగ్లండులో అయితే చావు ముంచుకొస్తోందని తెలిసి అన్న మాటకే విలువ. మన చట్టంలో చావుకి దారితీసిన పరిస్థితుల గురించి అన్న మాటైతే చాలని 1939లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. అదే తీర్పులో నారాయణస్వామి పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంట్‌ను పక్కన పెట్టేశారు. అయినా మిగిలిన సాక్ష్యం చాలింది, ఉరిశిక్ష నిలిచింది. రెండో పాయింటు రాసినవారు ఐదో పాయింటు కేసు చివరిదాకా చదివి ఉండాల్సింది.

మిగిలింది నాలుగోది. ‘లాయరుకి నిజం చెప్పకండి, చెబితే ఆయన పోలీసులకు చెప్పి తీరాలి, లేదంటే ఆయనా ముద్దాయే.’ పూర్తిగా తలకిందులు. ‘నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి’ అని క్లయింటు లాయరుతో అంటే ఆ మాట గోప్యమేనని ఎవిడెన్స్ యాక్టు 126 సెక్షన్ కింద ఉదాహరణే ఇచ్చింది. ఇప్పుడది 132. క్లయింటు ఒప్పుకుంటే తప్ప లాయరు ఆ మాట బయటపెట్టకూడదు. ముద్దాయి దోషి అని తన మనసుకు అనిపించినా అతని తరఫున నిలబడాలని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. వాదించడమంటే ప్రాసిక్యూషన్ సాక్ష్యం నిలుస్తుందో లేదో తేల్చడం. దొంగ సాక్షిని ఎక్కించడం అందులోకి రాదు.

నిజం దాస్తే ఏమవుతుంది? ఆ రాత్రి నేను ఊళ్ళోనే లేను అని లాయరుకి చెప్పారనుకోండి. ఆయన అదే మాట సాక్షి ముందు సజెషన్‌గా (‘ఇతను ఆ రాత్రి ఊళ్ళో లేడు కదా’ అని) పెడతారు. పీపీ గారు కాల్ రికార్డు తీసి, రాత్రి 11 గంటలకు ఫోన్ ఆ ఊరి టవర్ కిందే ఉందని చూపిస్తారు. అబద్ధమని తేలిన అలిబీ (ఆ సమయంలో వేరేచోట ఉన్నానన్న వాదన) ముద్దాయికి వ్యతిరేకంగా గొలుసులో ఇంకో లింకు అవుతుంది. ఆత్మరక్షణ, హఠాత్తుగా జరిగిన కొట్లాట లాంటి నిలిచే వాదనలకు ఆ దెబ్బతో బలం పోతుంది. ‘అక్కడ లేను’ అన్నాక ‘ఉన్నాను కానీ’ అంటే ఎవరు నమ్ముతారు?

గోప్యతకూ హద్దుంది, మెసేజ్ రాసినవారు గందరగోళపడింది ఇక్కడేనేమో. జరిగిపోయిన నేరం గురించిన మాటకు రక్షణ ఉంది. ‘రేపు ఆ సాక్షిని లేపేస్తాం, సలహా చెప్పండి’ అన్న మాటకు లేదు. వస్తువుకి అసలే లేదు. రక్తపు చొక్కా తెచ్చి లాయరు టేబుల్ మీద పెట్టి ‘దాచండి సార్’ అంటే, దాచిన లాయరు సాక్ష్యం మాయం చేసిన నేరంలో నిజంగానే ముద్దాయి అవుతారు. నేరం జరిగిన చోటు చూడటానికి వెళ్ళిన లాయరు అక్కడ ఏదైనా చేత్తో తీసినా చిక్కే. సాక్షిగా బోనెక్కాల్సి వస్తుందని తెలిశాక ఆ కేసులో వాదించకూడదు. సినిమాల్లో లాయరు కత్తి వెతికి తెచ్చి, కోర్టులో తనే చూపించి, తనే వాదించి గెలుస్తాడు. ఇక్కడ కత్తి ముట్టుకున్న క్షణమే వకాల్తా వదులుకుని, క్లయింటుని ఇంకో లాయరు దగ్గరికి పంపాలి.