వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం

బెజవాడలో నీళ్లకు లోటని ఎవరైనా అంటే కళ్లు పోతాయి. పక్కనే కృష్ణ, దాని మీద 1957 నుంచీ ప్రకాశం బ్యారేజీ, ఊరి నడుమ బందరు, రైవస్, ఏలూరు కాలువలు. ఇన్ని నీళ్ల మధ్య ఉండి కూడా గొంతు తడవకుండా వేసవి గట్టెక్కిస్తున్నామంటే అది మన మొహమాటం మహిమే. ఈ ఘనతను ఎవరూ గుర్తించడం లేదని నా బాధ.

ఆ మధ్య రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి, గొల్లపూడి నుంచి స్కూటరేసుకుని మా బాబాయి పటమటలో మా ఇంటికొచ్చాడు. చేతిలో పెళ్లి శుభలేఖలు, మొహం కందగడ్డ. మా ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. "వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చా" అన్నాడు. అప్పటికి ఏడిళ్లు తిరిగాడట, ఏడిళ్లలోనూ ఇదే మాట. మరి ఎక్కడ తాగాడో ఆ కృష్ణమ్మకే తెలియాలి.

"తాగితే ఒకటికి వెళ్లాలి కదరా. పరాయిళ్లలో బాత్రూం ఎక్కడని అడుగుతాం?" అని నా చెవిలో అసలు సంగతి చెప్పాడు. దీనికి జవాబు చెప్పగల పండితుడు ఇంకా పుట్టలేదు. మా ఇల్లు పరాయిది కాదు గనక వెళ్లొచ్చి, "ముదురు పసుపు. వేడి చేసిందిరా" అని తేల్చేశాడు. మనకు వేడి చేయడం జబ్బు, నీళ్లు తాగకపోవడం మాత్రం క్రమశిక్షణ.

నోరు పిడచకట్టడం, తలనొప్పి, లేవగానే కళ్లు తిరగడం, మూత్రం తగ్గి రంగు ముదరడం... ఒళ్లు ఇన్ని రకాలుగా చెబుతూనే ఉంటుంది. దాహమేస్తే తాగుతాంలే అంటారా? వయసు మీదపడేకొద్దీ దాహం సరిగ్గా తెలియదు. బాబాయికి అరవై ఎనిమిది. దాహం కూడా ఆయన దగ్గర మొహమాటపడుతోందన్నమాట.

లేవబోయి సోఫా చెయ్యి పట్టుకుని ఆగిపోయాడు. ఇక మర్యాదలు మానేసి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ పట్టించాం. చెమటతో ఉప్పూ పోతుంది మరి. మా బావమరిది పరిగెత్తుకెళ్లి తియ్యటి డ్రింకు డబ్బా తెచ్చాడు, ఓఆర్‌ఎస్ అనుకుని. అసలు ఓఆర్‌ఎస్ కాని డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులోనే చెప్పింది. మాకు కావలసింది లీటరు నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్. మాట తడబడినా, స్పృహ తప్పినా ఇవేవీ నోట్లో పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. "వాళ్లకెందుకులే శ్రమ" అనుకునే మహానుభావులు అక్కడా ఉన్నారు.

రెండు గ్లాసులయ్యాక బాబాయికి ప్రాణం లేచొచ్చింది. ఎండ తగ్గిందాకా కదలనివ్వలేదు. సాయంత్రం బయల్దేరబోతుంటే మా ఆవిడ ఇంకో గ్లాసు అందించింది.

"చాలమ్మా, పోరంకిలో ఇంకా నాలుగిళ్లున్నాయి. అక్కడిస్తారుగా."

ఆయన స్కూటరు సందు మలుపు తిరక్కముందే మా ఆవిడ ఆ నాలుగిళ్లకూ ఫోన్ చేసింది: "తాగుతారా అని అడక్కండి. ముందు బాత్రూం చూపించండి, తర్వాత గ్లాసు చేతిలో పెట్టండి."