పాము చావకుండా, కర్ర విరగకుండా

మన ఊళ్లలో పొలం గట్టు జానెడు జరిపితే పంచాయితీ పెడతారు, సర్వేయర్ని పిలిచి హద్దు రాళ్లు పాతిస్తారు. అమెరికాలోని నార్త్ కరోలినాలో గట్టును 160 మైళ్లు సాగదీసిన శాసనసభకు మాత్రం, పదేళ్లు తిరిగేసరికి మళ్లీ అదే పని అప్పగిస్తారు. పనితనం మీద అంత నమ్మకం.

ఈ వ్యాసం ఆ రాష్ట్రపు 12వ కాంగ్రెస్ నియోజకవర్గం గురించి. అక్కడ జనాభా లెక్కలు అయిన ప్రతిసారీ నియోజకవర్గాల హద్దులు గీసేది శాసనసభే. కాంగ్రెస్ అంటే ఇక్కడ చెయ్యి గుర్తు కాదు, వాళ్ల పార్లమెంటు. ఇలాంటి వ్యాసాలను 1812 నాటి మసాచుసెట్స్ గవర్నర్ గారి హయాంలో సొంత పార్టీ లాభానికి గీసిన, సాలమాండర్ అనే బల్లి లాంటి జంతువును పోలిన నియోజకవర్గం బొమ్మతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ జంతువును ఈసారికి వదిలేద్దాం. మన చేతిలో దానికన్నా పొడుగైన పాము ఉంది. 1993, 1996, 1999, 2001, 2017: ఐదుసార్లు సుప్రీంకోర్టు గడప తొక్కిన నియోజకవర్గం ఇది. గీత గీయాలని సరదా ఉన్నవాళ్లకు దీన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు.

ముందు అంకె సంగతి. 1943 నుంచి 1963 దాకా 12వ నియోజకవర్గం అంటే రాష్ట్రానికి పడమటి కొసన, యాష్‌విల్ చుట్టుపక్కల కొండప్రాంతం. జెబులన్ వీవర్‌తో మొదలై, మన్రో రెడెన్, జార్జ్ షూఫర్డ్, డేవిడ్ హాల్ మీదుగా రాయ్ టేలర్ దాకా ఐదుగురు అక్కడి నుంచి వాషింగ్టన్ వెళ్లారు. 1960 జనాభా లెక్కల్లో రాష్ట్రానికి ఒక సీటు తగ్గింది. పన్నెండో అంకె పోయింది, టేలర్ గారు పదకొండులోకి సర్దుకున్నారు. ముప్పై ఏళ్ల అజ్ఞాతవాసం తర్వాత, 1990 లెక్కలతో సీటు తిరిగొచ్చింది. తిరిగొచ్చిన పన్నెండుకు కొండలతో ఏ చుట్టరికమూ లేదు. రాష్ట్రం నడుమ, హైవే పక్కన పుట్టింది. పాత ఓటరు ఎవరైనా తన నియోజకవర్గాన్ని వెతుక్కుంటూ బయల్దేరితే కొండ దిగి తూర్పుకు గంటల తరబడి ప్రయాణం చేయాలి.

ఆ పుట్టుకకు ఒక న్యాయమైన కారణం ఉంది. దాన్ని వెక్కిరించడం ఈ వ్యాసం పని కాదు. జార్జ్ హెన్రీ వైట్ అనే నల్లజాతి సభ్యుడు 1901లో పార్లమెంటు నుంచి దిగిపోయారు. అంతకుముందు ఏడాదే రాష్ట్రం తన రాజ్యాంగంలో అక్షరాస్యత పరీక్ష పెట్టి నల్లవాళ్ల ఓటును ఊడ్చేసింది. ఇది తాత్కాలిక వీడ్కోలు మాత్రమేనని ఆయన చివరి ప్రసంగంలో అన్నారు. ఆ తాత్కాలికం 92 ఏళ్లు నడిచింది. రాష్ట్ర జనాభాలో ఐదో వంతుకు పైగా ఉన్న జనం నుంచి ఒక్కరు కూడా వెళ్లలేదు. 1991లో శాసనసభ నల్లజాతి ఆధిక్యం ఉన్న సీటు ఒక్కటే గీసి పంపితే, జాతి పేరుతో ఓటును దెబ్బతీయకుండా చేసిన ఓటు హక్కుల చట్టం కింద కేంద్ర న్యాయశాఖ దాన్ని తిప్పికొట్టింది. రెండోది కూడా గీయొచ్చు కదా, రాష్ట్రం దక్షిణ మధ్య, ఆగ్నేయ భాగాల్లో వీలుంది కదా అంది.

శాసనసభ సరేనంది. కానీ ఆగ్నేయంలో గీస్తే అప్పటికే అక్కడ కూర్చున్న డెమొక్రాట్ల సీట్లు కదులుతాయి. అందుకని ఎవరి కుర్చీ కిందా చెయ్యి పెట్టకుండా, ఉత్తర మధ్య భాగంలో ఐ-85 హైవే వెంట కొత్తది అల్లారు.

అల్లిక విధానం ఇది. వెన్నెముకగా ఒక హైవే కావాలి. దాని మీద డర్హమ్, గ్రీన్స్‌బరో, విన్‌స్టన్ సేలమ్, షార్లెట్ నగరాల్లోని నల్లజాతి పేటలను పూసల్లా గుచ్చుకుంటూ పోవాలి. పూసకూ పూసకూ మధ్య దారం రోడ్డు వెడల్పు ఉంటే చాలు. అక్కడ మనుషులు ఉండనక్కర్లేదు, తారు ఉంటే సరిపోతుంది. నియోజకవర్గం ఎక్కడా తెగకూడదన్న నిబంధన ఒకటి ఉంది కాబట్టి, ఒకచోట మరో రెండు నియోజకవర్గాలను ఒకే ఒక్క బిందువు దగ్గర తాకి, వాటిని దాటి అవతల తేలారు. జ్యామితిలో బిందువుకు పొడవూ వెడల్పూ ఉండవని బడిలో చెప్పారు. ఓట్లు మాత్రం దాని గుండా నిరభ్యంతరంగా ప్రవహిస్తాయి. కొన్ని కౌంటీల్లో హైవేని కూడా పంచారు: ఉత్తరానికి వెళ్లే కారు ఒక కౌంటీలో 12వ నియోజకవర్గంలో ఉంటుంది, తర్వాతి కౌంటీలో ఎదురు వరసతో సీట్లు మార్చుకుంటుంది. మొత్తం పది కౌంటీల గుండా పోయింది, అందులో ఐదింటిని మూడేసి ముక్కలు చేసింది. కారు రెండు తలుపులూ తెరిచి హైవే మీద నడిపితే ఈ నియోజకవర్గంలో సగానికి పైగా జనం పోతారని ఒక శాసనసభ్యుడే జోకేశాడు. ఆ జోకు సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కింది.

1992లో మెల్ వాట్ ఇక్కడ గెలిచారు, 1వ నియోజకవర్గంలో ఈవా క్లేటన్ గెలిచారు. 92 ఏళ్ల వీడ్కోలు ముగిసింది. ఆరు నెలలు తిరక్కుండానే కోర్టు తలుపు తెరుచుకుంది.

1993 తీర్పులో న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ చెప్పిన ముక్కను గీతకారులు పటం కట్టించుకోవాలి: ఈ వ్యవహారంలో చూపులకు ఎలా ఉందన్నది కూడా ముఖ్యమే. రంగు చూసి గీసినట్టు కంటికి కొట్టొచ్చినట్టు కనబడితే కుదరదని అర్థం. 1996లో న్యాయమూర్తులు 5-4తో ఆ పటాన్ని కొట్టేశారు, పాము తల తెగింది. ఇక్కడ శ్రద్ధగల విద్యార్థి గమనించాల్సింది ఏమిటంటే, కోర్టు వంకరను తప్పు పట్టలేదు. వంకరకు చెప్పిన కారణాన్ని తప్పు పట్టింది. ఆ తేడా పట్టుకున్నవాడు ఈ వృత్తిలో పైకొస్తాడు.

1997లో కొత్త పటం వచ్చింది. పాము కాస్త పొట్టిదైంది, కాస్త లావెక్కింది, నల్లజాతి జనం 57 శాతం నుంచి 47కి దిగింది. దాన్నీ కింది కోర్టు కొట్టేస్తే, 1998 ఎన్నికల కోసం 35 శాతంతో ఇంకోటి గీశారు. గ్రీన్స్‌బరో పూస ఊడిపోయింది. వాట్ అప్పుడూ గెలిచారు. రంగు సగానికి పైగా ఉంటే తప్ప మనిషి గెలవడన్న సిద్ధాంతానికి ఇది ఇబ్బందే. కానీ సిద్ధాంతాలు ఒక్క ఎన్నికతో కంగారుపడే రకం కాదు.

2001లో అసలు మలుపు. 1997 నాటి పటం మళ్లీ సుప్రీంకోర్టుకు చేరింది, మళ్లీ 5-4, ఈసారి పాము బతికింది. ఎలాగంటే, మేం రంగు చూడలేదు, పార్టీని చూశాం అని రాష్ట్రం చెప్పింది. నల్లజాతి ఓటర్లలో పదింట తొమ్మిది మంది డెమొక్రాట్లకే వేస్తారు. డెమొక్రాట్లను ఏరుకుంటూ పోతే నల్లవాళ్లు వస్తారు, నల్లవాళ్లను ఏరుకుంటూ పోతే డెమొక్రాట్లు వస్తారు. బుట్టలో పడినవి అవే, ఏ ఉద్దేశంతో కోశావన్నదే ప్రశ్న. రంగు అంటే నేరం, పార్టీ అంటే రాజకీయం. కులం పేరెత్తకుండా కులం లెక్కతో టికెట్లిచ్చే మన నాయకులకు ఈ తీర్పు చదివితే ఏమీ కొత్తగా అనిపించదు.

ఇంతకీ ఏరి పోగెయ్యడం వల్ల ఎవరికి లాభం? ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకుంటే జీవితాంతం గుర్తుంటుంది. ఐదు నియోజకవర్గాలు, ఒక్కోదాంట్లో 100 ఓట్లు అనుకుందాం. ఎరుపు పార్టీకి 240, నీలం పార్టీకి 260. మామూలుగా అయితే నీలానికి మూడు సీట్లైనా రావాలి. ఇప్పుడు ఒక నియోజకవర్గంలో 88 మంది నీలం వాళ్లను కుక్కండి. మిగిలిన 172 మందిని నాలుగింట్లో 43 చొప్పున చల్లండి. ఎరుపుకు నాలుగుచోట్ల 57-43తో విజయం, నీలానికి ఒక్కచోట బ్రహ్మాండమైన మెజారిటీ, దండలు, ఊరేగింపు. ఓట్లు తక్కువ వచ్చిన పార్టీ 4-1తో గెలిచింది. కొత్తవాళ్లు చేసే పొరపాటు అత్యాశ: ఓట్లు కాస్త ఎక్కువున్నచోట అన్ని సీట్లూ కావాలని 51-49 చొప్పున పలచగా పరుస్తారు. ఒక్క గాలి మారితే అన్నీ ఒకేసారి కూలతాయి. పిండి మరీ పలచనైతే అట్టు పెనానికి అంటుకుపోతుంది. 55కు తగ్గకుండా చూసుకోవాలి.

ఈ లెక్క 2011లో 12వ నియోజకవర్గానికి వచ్చింది. శాసనసభ రిపబ్లికన్ల చేతికి మారింది. పాము పాతదే, పాములవాడు కొత్త. జనాభా సమం చేయడానికి అక్కడి నుంచి తీయాల్సింది మూడు వేల మంది లోపే. తీరా చూస్తే ఓటు వయసున్న నల్లవాళ్లు 35,000 మంది లోపలికి వచ్చారు, తెల్లవాళ్లు 50,000 మంది బయటికి పోయారు. మూడు కిలోల బియ్యం తగ్గించమంటే బస్తా గుమ్మరించి మళ్లీ నింపినట్టు. ఓటు వయసు నల్లజాతి శాతం 43.77 నుంచి 50.66కి చేరింది. ఓటు హక్కుల చట్టం కోసం యాభై శాతం దాటించాలట అని రాష్ట్ర సెనెటర్ రాబర్ట్ రూషో తనతో అన్నారని, తాను నవ్వానని వాట్ తర్వాత సాక్ష్యం చెప్పారు. 40 శాతం ఉన్నప్పుడే నాకు 65 శాతం ఓట్లు వస్తున్నాయి, యాభై దాటిస్తే 80 వస్తాయి, చట్టం పెట్టింది అందుకు కాదు అని ఆయన వాదన. తన మెజారిటీ పెంచొద్దని మొత్తుకున్న నాయకుడు మన ప్రాంతాల్లో ఎవరైనా ఉంటే చూడాలని ఉంది. ఫలితం 2012లో తేలింది: రాష్ట్రం మొత్తం మీద 49 శాతం ఓట్లతో రిపబ్లికన్లకు 13లో 9 సీట్లు.

మధ్యలో ఒక విరామం. 2014 జనవరిలో వాట్ రాజీనామా చేసి కేంద్రంలో గృహరుణాల నియంత్రణ సంస్థకు వెళ్లారు. గవర్నర్ ఉప ఎన్నికను నవంబరు సాధారణ ఎన్నికలతో కలిపేశారు. ఏడు లక్షల పైచిలుకు జనానికి పది నెలలు ప్రతినిధి లేరు. సీటు హద్దుల కోసం ఇరవై ఏళ్లు కొట్లాడినవాళ్లకు, సీట్లో మనిషి లేకపోవడం పెద్ద ఇబ్బందిగా అనిపించినట్టు లేదు. చివరికి గ్రీన్స్‌బరోకు చెందిన ఆల్మా ఆడమ్స్ గెలిచారు. టోపీల మీద మోజున్న ఆవిడ ప్రమాణ స్వీకారంతో కాంగ్రెస్‌లో మహిళల సంఖ్య మొదటిసారి వందకు చేరింది.

2017లో సుప్రీంకోర్టు 2011 నాటి పాముకు మంగళం పాడింది. ఎలీనా కేగన్ రాసిన తీర్పులో, మామూలుగా ఎదుటి, కన్జర్వేటివ్ వైపు కూర్చునే న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ కూడా చేరారు. రాష్ట్రం వాదన పాత మంత్రమే: రంగు కాదు, పార్టీ. కానీ గీసేటప్పుడు చట్టం కోసం యాభై దాటించామని బయట చెప్పుకున్నారు, కోర్టులో పార్టీ కోసమన్నారు. ఒక గీతకు రెండు కారణాలు చెప్తే రెండూ తెగుతాయి. పెళ్లికి అప్పు చేశానని ఒకరికి, పంటకు అప్పు చేశానని ఇంకొకరికి చెప్పినవాడు ఆ ఇద్దర్నీ ఒకే పందిట్లోకి పిలవకూడదు.

అసలు ఈ తీర్పు రాకముందే, 2016 ఫిబ్రవరిలో కింది కోర్టు రెండు వారాల గడువిచ్చి కొత్తది గీయమంది. అప్పుడు రాష్ట్ర ప్రతినిధి డేవిడ్ లూయిస్ చూపిన నిజాయితీకి శిలాశాసనం వేయించాలి. పది రిపబ్లికన్, మూడు డెమొక్రాట్ సీట్లు వచ్చేలా గీద్దామని సమావేశంలో బాహాటంగా ప్రతిపాదించారు. ఎందుకు పది అంటే, పదకొండు-రెండు గీయడం సాధ్యమని తాను అనుకోకపోవడం వల్ల. జాతి లెక్కలు వాడకూడదు, పాత ఎన్నికల ఫలితాలు వాడొచ్చని లిఖితపూర్వకంగా నియమం పెట్టుకున్నారు. ఒకే కారణం, అదీ పైకి చెప్పిన కారణం. విద్య పరిపూర్ణమైంది. ఆ పటంలో గ్రీన్స్‌బరోలోని చారిత్రక నల్లజాతి విశ్వవిద్యాలయం నార్త్ కరోలినా ఏ అండ్ టీ ప్రాంగణం నడిమధ్యగా గీత పోయింది: ఒక హాస్టల్ 6వ నియోజకవర్గం, రోడ్డు దాటితే ఇంకో హాస్టల్ 13వది. జాతి లెక్క చూడని కన్ను ఎంత నిఖార్సుగా కోసిందో! 2019లో సుప్రీంకోర్టు 5-4తో, పార్టీ కోసం గీసిన గీత అన్యాయమే కావొచ్చు గానీ దాన్ని తూచే తక్కెడ ఫెడరల్ కోర్టుల దగ్గర లేదని తేల్చేసింది.

మన దగ్గర ఈ పనికి డీలిమిటేషన్ కమిషన్ ఉంది, పోటీ చేసేవాళ్లే కత్తెర పట్టుకోరు. దాని కష్టాలు దానికున్నాయి, వాటికి వేరే వ్యాసం కావాలి.

2016 పటంతో 12వ నియోజకవర్గం ఐ-85ని వదిలేసి, షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీలోకి ముడుచుకుంది. గ్రీన్స్‌బరోలో ఉన్న ఆల్మా ఆడమ్స్ షార్లెట్‌కు మకాం మార్చారు. నిజానికి రాజ్యాంగం ప్రకారం ఆ రాష్ట్రంలో ఉంటే చాలు, ఆ నియోజకవర్గంలోనే ఉండక్కర్లేదు. కానీ ఓటర్లు తనను వెతుక్కోకూడదని ఆవిడ అనుకున్నట్టుంది. షార్లెట్ బ్యాంకుల్లో ఐటీ ఉద్యోగాలకు వచ్చి పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబాలకు కూడా ఈ మధ్య ఇల్లు మారకుండానే నియోజకవర్గం మారే అవకాశం తరచూ దొరుకుతోంది: 2016, 2019, 2022, 2023, నాలుగు పటాలు. ప్రతి ఎన్నికకూ ముందు రాష్ట్ర ఎన్నికల బోర్డు వెబ్‌సైట్‌లో తమ పేరు వెతుక్కుని, ఈసారి తాము ఎక్కడున్నామో చూసుకోవాలి.

ఇప్పటి 12వ నియోజకవర్గాన్ని పటంలో చూస్తే ఓకానర్ గారు మెచ్చుకునేవారు. తల లేదు, తోక లేదు, హైవే మీద తలుపులు తెరిస్తే ఎవరూ పోరు. 2024లో రాష్ట్రంలోని 14 సీట్లలో డెమొక్రాట్లకు వచ్చిన నాలుగింట్లో ఇదొకటి, అదీ కుక్కి నింపిన మెజారిటీతో. 2025 అక్టోబరులో శాసనసభ పదకొండో సీటు కోసం మళ్లీ పెన్సిల్ పట్టింది. 1992లో ఈవా క్లేటన్ గెలిచిన 1వ నియోజకవర్గాన్ని తీసుకుని పక్కనున్న 3వ దానితో కౌంటీలు మార్పిడి చేసింది. పన్నెండు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆ బస్తా నిండి, కుట్టేసి ఉంది.