లొప్పడికి మూడు మార్కులు

తెలుగు లిపి మనకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలు, ఇక మనం చదవలేనిదంటూ ఉండదు. ‘తనఖా విమోచనాధికారం’ అని రాసి ఇచ్చినా మూడో తరగతి పిల్లవాడు తడుముకోకుండా పలికేస్తాడు. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. అర్థం మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చప్పట్లు కొట్టినవాళ్లే చెప్పాల్సి వస్తుంది.

ఈ సత్సంప్రదాయం గిట్టనివాళ్లు వెనకటి నుంచీ ఉన్నారు. వేదం వల్లించి అర్థం తెలియనివాణ్ని వేదపదాల అర్థాలు విప్పిచెప్పే ప్రాచీన గ్రంథం, యాస్కుడి నిరుక్తం, బరువు మోసే స్తంభంతో పోల్చింది. స్తంభాలు నొచ్చుకున్న దాఖలా లేదు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏకంగా లెక్కే కట్టారు. రాసినదాన్ని పలకగలగడాన్ని, విన్నది అర్థం చేసుకోగలగడంతో గుణిస్తే వచ్చేదే చదవడమట. రెంటిలో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. గుణకారం ఎందుకండీ? కూడిక పెట్టి ఉంటే మనకు సగమైనా దక్కేది కదా!

అయితే మన పరీక్షలు ఆ లెక్కకు లొంగలేదు. తెలుగు ప్రశ్నపత్రంలో ‘అవగాహన–ప్రతిస్పందన’ అని గంభీరమైన పేరుతో ఒక విభాగం ఉంటుంది. పేరా చదివి జవాబులు రాయాలి. మచ్చుకు ఇది చూడండి: ‘లొప్పడు జింగరంలో పెసుకులను తొర్లించాడు. అందుకు గుమిలయ్య మిక్కిలి చిర్లుకున్నాడు.’

లొప్పడు వేటిని తొర్లించాడు? పెసుకులను. ఎక్కడ? జింగరంలో. గుమిలయ్య ఎందుకు చిర్లుకున్నాడు? లొప్పడు పెసుకులను తొర్లించినందుకు. మూడుకు మూడు! ‘ను’ చూసి వస్తువు, ‘లో’ చూసి చోటు పట్టేశాం. కర్మణి వాక్యంలోకి మార్చమన్నా బెదరం: ‘లొప్పడి చేత పెసుకులు తొర్లించబడ్డాయి.’ వ్యాకరణం మార్కు కూడా మనదే. ప్రతి తరగతిలోనూ వెనక బెంచీలో ఒకడుంటాడు, ‘పెసుకులంటే ఏమిటి సార్?’ అని లేస్తాడు. సిలబస్ వెనకబడేది ఇలాంటివాళ్ల వల్లే.

నేనూ ఆ మూడు మార్కులవాణ్నే కాబట్టి ఈ విద్య విలువ నాకు తెలుసు. పోయిన నెల ఇంటి మీద అప్పు తీసుకుంటూ, సంతకానికి ముందు దస్తావేజు చదివి వినిపించమంది మా అమ్మ. పదకొండు పేజీలు ఒక్క ఒత్తు జారకుండా చదివాను. ‘పై షరతులన్నీ చదివించుకొని విని, అర్థం చేసుకొని’ అన్నచోట గొంతు కాస్త పెంచాను కూడా.

“బాగా చదివావురా. ఇంతకీ వాయిదా తప్పితే ఇల్లు ఎవరిది?” అంది.

మళ్లీ మొదటి పేజీ తీసి, ఈసారి ఇంకొంచెం గట్టిగా చదివాను.