సవరణ: బెలిటుంగ్ ఓడ చైనాది కాదు

చైనా సముద్రయానం గురించి మొన్న పెట్టిన పోస్టులో, ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర 1998లో దొరికిన ఓడను "టాంగ్ కాలపు చైనా ఓడ" అని రాశాను (టాంగ్ అంటే క్రీ.శ. 618-907 మధ్య చైనాను ఏలిన రాజవంశం). అది తప్పు. సరుకు చైనాది, ఓడ మాత్రం పశ్చిమ హిందూ మహాసముద్రం వైపు కట్టుడు పద్ధతిది. సరుకు చూసి ఓడ కూడా వాళ్లదే అనుకున్నాను.

తవ్వకాల నివేదికల ప్రకారం దాని పలకలకు ఇనుప మేకులు లేవు. అంచుల వెంట రంధ్రాలు పెట్టి తాడుతో కుట్టారు. అరబ్బు తీరాల్లో అలాగే కట్టేవారు. మన తూర్పు తీరపు మసులా పడవలూ కొబ్బరి తాడుతో కుట్టినవే.

చైనా ఓడ ఎలా ఉంటుందో చూడాలంటే 1974లో చైనా ఆగ్నేయ తీరపు రేవు ఛువాన్‌జౌ దగ్గర తవ్వి తీసిన సాంగ్ కాలపు (క్రీ.శ. 960-1279) ఓడను చూడాలి. ఇనుప మేకులు, లోపల అడ్డుగోడలతో 13 గదులు. ఒక గదిలోకి నీళ్లొచ్చినా మిగతా గదుల వల్ల ఓడ తేలుతుంది.

బెలిటుంగ్ సరుకు వివరాల్లో మార్పేమీ లేదు. చాంగ్షా గిన్నెలు (చైనాలోని చాంగ్షా దగ్గరి బట్టీల్లో కాల్చిన మట్టి గిన్నెలు) వేలల్లో, పెద్ద జాడీల్లో ఒకదాని పక్కన ఒకటి చుట్టలా పేర్చి ఉన్నాయి. వాటిలో ఒక గిన్నె మీద క్రీ.శ. 826కు సరిపోయే తేదీ ఉంది. కాబట్టి అప్పటికే చైనా సరుకు సముద్రం దాటి పడమటికి వెళ్తోందన్న మాట నిలుస్తుంది. చైనావాళ్లే తీసుకెళ్లారన్న మాటకు మాత్రం ఈ ఓడ సాక్ష్యం కాదు. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.