మానేయమన్న మేస్టారు

విజయనగరం పెద్దచెరువు గట్టు మీద ఒక సిమెంటు బెంచీ ఉంది. కార్పొరేషన్ వారు దాన్ని తక్షణం పెకిలించాలి. అది కుదరకపోతే దానికి మెడికల్ కాలేజీ హోదా అయినా ఇవ్వాలి. రెంటికీ మధ్య వేలాడదీయడం న్యాయం కాదు.

ఆ బెంచీకి ప్రిన్సిపాలు మా మేస్టారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ప్రొఫెసర్లు ఇద్దరు. ఒకరు కరెంటాఫీసులో గుమస్తాగా చేసి దిగిపోయారు. రెండో ఆయన ఏం చేసేవారో ఎవరికీ తెలీదు గానీ అన్ని రోగాలూ ఆయన తోడల్లుడికి వచ్చి తగ్గిపోయాయి. పొద్దున్న ఆరింటికి ఓపీ మొదలు. ఫీజు లేదు, చీటీ లేదు, పక్కన కూర్చోవడమే నేరం.

మా పిన్ని కూర్చుంది.

బాబాయి పోయాక పిన్నికి గుండెదడ పట్టుకుంది. రాత్రుళ్లు నిద్ర లేదు. డాక్టరుగారు అల్ప్రాజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర రాశారు, రాత్రికి ఒకటి, రెండు వారాలకి. ఆ రెండు వారాలు మూడేళ్లయ్యాయి, ఒకటి కాస్తా పూటకొకటైంది. షెడ్యూల్ హెచ్‌1 అని ఒక నిబంధన ఉంది, 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. ఈ మందు అమ్మితే షాపువాడు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చాడో వేరే రిజిస్టరులో ఎక్కించి, మూడేళ్లు దాచాలి. పిన్ని విషయంలో ఆ రిజిస్టరు పని "ఓ స్ట్రిప్పియ్యి బాబూ" అన్న మాటే చేసేసింది. ఆ బాబు కూడా మంచివాడే, కత్తెరతో కత్తిరించి కాగితంలో చుట్టి, చిల్లర లేకపోతే రెండు చాక్లెట్లు కూడా ఇచ్చేవాడు.

సరే, బెంచీ దగ్గరికి వద్దాం.

"ఇటియ్యమ్మా" అన్నారు మేస్టారు. కళ్లజోడు నుదుటి మీదకి తోసి స్ట్రిప్పు వెనకవైపు చదివారు. గుమస్తాగారు అందుకుని వాసన చూశారు. రేకులో బిగించిన మాత్రకి ఏం వాసనొచ్చిందో గానీ మొహం చిట్లించారు. తోడల్లుడి ప్రొఫెసరుగారు దాన్ని సూర్యుడికేసి పట్టి, దొంగనోటు చూసినట్టు అటూ ఇటూ తిప్పారు.

"ఇది నరాల్ని తినేస్తాది."

"దేనికేసుకుంటన్నావమ్మా?"

"దడకండి."

"ఏటి దడ? పిల్లలు సెటిలైపోనారు, పింఛనొస్తంది. ఇంకేటి దడ?"

పిన్ని దగ్గర జవాబు లేదు. జవాబున్న దడ అయితే మాత్రెందుకు వేసుకుంటుంది?

"మా తోడల్లుడు ఇదే వాడేవోడు. ఓ రోజు చెరువులోకి ఇసిరేసి జీలకర్ర నీళ్లు తాగేడు. ఇప్పుడు గుర్రం."

తోడల్లుడు గుర్రమయ్యాడన్న సాక్ష్యం నమోదైంది. ఇక వాదనలతో పని లేదు. మేస్టారు తీర్పు చెప్పారు: "రేపట్నుంచి మానేయ్. మనసు గట్టిదైతే మాత్రెందుకు?" ఈ మాట అన్నప్పుడు ఆయన చొక్కా జేబులో బీపీ మాత్రలున్నాయి. మనసు గట్టిదే గానీ, ఆ మాత్ర మాత్రం ఒక్కపూట మర్చిపోరు.

పిన్ని మానేసింది. మొదటి రాత్రి కన్ను మూతపడలేదు. రెండో రోజు చేతులు వణికాయి, జాకెట్టు తడిసిపోయేలా చెమట, టీవీ చప్పుడు కూడా భరించలేకపోయింది. మేస్టారు ఫోన్లో "విషం బయటికి పోతందమ్మా, ఓర్చుకో" అన్నారు. మూడో రోజు పొద్దున్న ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తూ వేస్తూ వెనక్కి పడిపోయింది. కళ్లు తేలేసింది, ఒళ్లంతా కొట్టుకుంది. గరిట పొయ్యి కింద, పిండి గోడకి. పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చి అరచేతిలో తాళాలగుత్తి పెట్టారు.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి. మనిషి చచ్చిపోయేదయ్యా! ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఏ మందు ఆపేశారు?" అని. మూడేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఆమే. ఈ మాత్ర మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచి బ్రేకు వేస్తుంది. నెలల తరబడి వేస్తే మెదడు తన సొంత బ్రేకు వదిలేసి దీని మీదే ఆనుకుంటుంది. ఒక్కసారి లాగేస్తే ఘాటీ దిగుతున్న లారీకి బ్రేకు పోయినట్టే. అందరికీ ఫిట్స్ రావు. ఎవరికి వస్తాయో బెంచీకి తెలుసా? తమది కాని ప్రాణంతో పందెం కాసే హక్కు వీళ్లకి ఎవడిచ్చాడు? అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఈ జాతి మందులన్నిటి మీదా 2020లో పెట్టెకట్టి మరీ హెచ్చరిక వేయించింది, హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకి రావచ్చని. దానికి జీలకర్ర నీళ్లట!

మన ఊరివాళ్లకి ఇది అర్థం కాకపోవడమే వింత. ఏటా దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూస్తాం. పూజారిగారు మాను చివర అంతెత్తున కూర్చుంటారు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. యాత్ర అయిపోయింది కదా అని ఆయన్ని పైనుంచి తోసేస్తారా? మాను వంచి, పదిమందీ పట్టుకుని, మెల్లగా దింపుతారు. ఎక్కించినవాళ్లకి దింపడం కూడా తెలిసుండాలి.

డాక్టరమ్మ అదే చేస్తోంది. అల్ప్రాజోలం తొందరగా ఒంట్లోంచి దిగిపోతుందని, నిదానంగా దిగే క్లోనజెపాంకి మార్చి, అక్కణ్నుంచి కొంచెం కొంచెంగా తగ్గిస్తోంది. 2025లో అమెరికా వైద్య సంఘాలు రాసుకున్న లెక్క ప్రకారం ఒక్కో మెట్టుకీ 5 నుంచి 10 శాతం, రెండు నుంచి నాలుగు వారాలకోసారి. ఎంత తొందరున్నా రెండు వారాలకి 25 శాతం దాటకూడదు. లెక్కల మేస్టారికి ఈ లెక్క ఎందుకు రాలేదో. పిన్ని వంటింటి కేలండరు మీద తారీఖుల పక్కన సగాలు, పావులు రాసుకుంటోంది, పాలలెక్క పక్కనే. మధ్యలో ఓ వారం గుండె మళ్లీ దడదడలాడితే, డాక్టరమ్మ తగ్గించడం ఆపి, ఆ మెట్టు మీదే ఇంకొన్నాళ్లు ఉండమంది. దిగడంలో అదీ భాగమేనట. షాపు బాబు మాత్రం "పావు మిల్లీగ్రాం లేదండీ, అర పట్టికెళిపోండి, ఒకటే కదా" అంటున్నాడు. ఇడ్లీ లేకపోతే దోసె అన్నట్టు.

మనసు బాధలు చెప్పుకోడానికి 2022 నుంచి ప్రభుత్వం వారి టెలీమానస్ అని 14416 నంబరు ఉంది. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. కానీ ఆ నంబరుకి ఫోన్ చెయ్యాలి. బెంచీ అయితే తనే పిలుస్తుంది.

మొన్న పిలిచింది కూడా. పిన్నీ నేనూ గట్టు మీద వెళ్తుంటే మేస్టారు కేకేశారు, "ఇంకా మానలేదేటమ్మా?"

పిన్ని వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. "మీ జేబులో మాత్రలు ఓసారి ఇటియ్యండి మేస్టారూ. ఎండకి పెట్టి చూస్తాను."

మేస్టారి చెయ్యి టక్కున జేబు మీదకి పోయింది.