సవరణ: నైట్రేటు లెక్కలో బూజును మరిచాను

గుంటూరు మిరప చేలలో యూరియా ఏమవుతుందో పోయిన వారం రాస్తూ, అందులోంచి పుట్టే అమ్మోనియాను నైట్రేటుగా మార్చేది బ్యాక్టీరియా మాత్రమే అన్నాను. ఆ ‘మాత్రమే’ తప్పు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే మట్టి బూజు కూడా నైట్రేటు తయారుచేస్తుందని 1954లోనే తేలింది. కల్లంలో సరిగా ఆరని మిరపకాయను చీల్చితే గింజల మధ్య పసుపు కలిసిన ఆకుపచ్చ పొడిలా కనబడుతుందే, అఫ్లాటాక్సిన్ విషం పుట్టించేది, ఆ బూజే ఇది! రోజూ చూసేదాన్నే మరిచిపోయాను.

అయితే తేడా ఉంది. నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియాకు అమ్మోనియాను ఆక్సీకరించడమే బతుకుతెరువు. శక్తి అందులోంచే వస్తుంది. బూజుకు తిండి కుళ్లిన ఆకుల్లోని కర్బనం. నైట్రేటు దానికి పక్కపని, వేగమూ బాగా తక్కువ. బూజుల వాటా ముఖ్యంగా ఆమ్ల గుణమున్న అడవి నేలల్లో లెక్కకు వస్తుంది. మన నల్లరేగడి క్షారం వైపు మొగ్గుతుంది కనుక, యూరియాను విడతలుగా వేయమని ఆ పోస్టులో నేనన్న మాట అలాగే ఉంటుంది.

ఆర్కియానూ (బ్యాక్టీరియాలా కనబడినా వేరే వర్గానికి చెందిన ఏకకణ జీవులు) వదిలేశాను. అమ్మోనియాతో బతికే ఆర్కియాను 2005లో సియాటిల్‌లోని ఒక అక్వేరియం నుంచి వేరుచేశారు. పాత పోస్టులో ‘బ్యాక్టీరియా మాత్రమే’ అన్న వాక్యం మార్చాను.